కంప్రెషన్ రేషియో అంటే ఏంటి? బైక్ స్పెక్ షీట్‌లో అందరం వదిలేసే ఒక్క లైన్

కొత్త ఫోన్ కొనేముందు స్పెక్ షీట్‌ని మనం జల్లెడ పట్టేస్తాం. ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లు, ర్యామ్ ఏ రకం, చార్జింగ్ ఎన్ని వాట్లు, ఏదీ వదలం. అదే బైక్ దగ్గరికి వచ్చేసరికి సీసీ ఎంత, పవర్ ఎంత, మైలేజ్ ఎంత అని మూడు చూసి పేజీ మూసేస్తాం. వాటి కిందే 9.5:1 అనో, 11.6:1 అనో ఇంకో లైన్ ఉంటుంది. దాని పేరే కంప్రెషన్ రేషియో.

నేను బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ని. మన దగ్గర ఈ బాపతు జనం ఎక్కువే కదా! ఆఫీసులో కోడ్ రాసుకుంటున్నా, పార్కింగ్‌లో ఎవరైనా బైక్ డౌట్ అడిగితే మాత్రం పాత థర్మోడైనమిక్స్ నోట్స్ గుర్తొస్తాయి. ఈ మధ్య ఎక్కువగా వస్తున్న డౌట్లు మూడు. ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోల్ కొట్టిస్తే పికప్ పెరుగుతుందా? ఈ20 పెట్రోల్ వచ్చాక మైలేజ్ ఎందుకు తగ్గింది? మెకానిక్ ఇంజిన్ హెడ్ కాస్త అరగదీస్తే బండి దూసుకెళ్తుందంటున్నాడు, చేయించనా? ఈ మూడింటికీ జవాబు ఆ ఒక్క లైన్‌లోనే ఉంది. అందుకే ఈ ఆర్టికల్‌లో దాన్ని మొదటినుంచి చూద్దాం.

ముందు లెక్క చూద్దాం, చాలా ఈజీ

సిలిండర్ లోపల పిస్టన్ పైకీ కిందకీ కదులుతూ ఉంటుంది. అది పూర్తిగా కిందకి వచ్చినప్పుడు దాని పైన ఉండే ఖాళీ ఎక్కువ, పూర్తిగా పైకి వెళ్లినప్పుడు మిగిలే ఖాళీ చాలా తక్కువ. ఈ రెండు ఖాళీల నిష్పత్తే కంప్రెషన్ రేషియో. 10:1 అంటే, లోపలికి వచ్చిన గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పిస్టన్ పదో వంతు జాగాలోకి నొక్కేస్తోందని అర్థం.

మన రోడ్ల మీద ఎటు చూసినా కనిపించే హీరో స్ప్లెండర్‌నే తీసుకుందాం. దాని బోర్, అంటే సిలిండర్ వెడల్పు 50 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. సిలిండర్ అడ్డకోత వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 4.95తో గుణిస్తే 97.2 సీసీ. బ్రోచర్‌లో ఉండే సీసీ నంబర్ ఇదే. అంటే సీసీ అనేది పిస్టన్ తుడుచుకుంటూ వెళ్లే జాగా మాత్రమే. పిస్టన్ పైకి వెళ్లాక కూడా మిగిలే ఖాళీ ఇందులో కలవదు.

ఆ మిగిలే ఖాళీని క్లియరెన్స్ వాల్యూమ్ అంటారు. ఇంత సైజు ఇంజిన్‌కి 10:1 రేషియో కావాలంటే క్లియరెన్స్ 10.8 సీసీ ఉండాలి. లెక్క చూడండి: 97.2కి 10.8 కలిపితే 108. దాన్ని 10.8తో భాగిస్తే సరిగ్గా 10. ఆ 10.8 సీసీ అంటే రెండు టీస్పూన్ల నీళ్లు, అంతే. రోజంతా మనల్ని మోసే బండిలో మంట మొదలయ్యేది ఆ రెండు టీస్పూన్ల జాగాలోనే.

ఇప్పుడు అందులోంచి ఒక్క సీసీ తగ్గించండి. 97.2కి 9.8 కలిపితే 107, దాన్ని 9.8తో భాగిస్తే 10.9. ఒక్క సీసీకే రేషియో 10 నుంచి దాదాపు 11కి ఎగబాకింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, హెడ్ అరగదీయడం గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఎక్కువ నొక్కితే లాభం ఏంటి?

చాలామంది అనుకునేది ఏంటంటే, గట్టిగా నొక్కితే గట్టిగా పేలుతుంది కాబట్టి పవర్ వస్తుందని. అది సగమే నిజం. అసలు లాభం నొక్కేటప్పుడు కాదు, మండాక వ్యాకోచించేటప్పుడు వస్తుంది.

స్పార్క్ పడి మిశ్రమం మండగానే వేడి గ్యాస్ పిస్టన్‌ని కిందకి తోస్తుంది. పిస్టన్ దిగేకొద్దీ గ్యాస్ విస్తరిస్తుంది, చల్లబడుతుంది, తన వేడిని పనిగా మార్చేస్తుంది. కిందకి చేరాక ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుని మిగిలిన వేడి సైలెన్సర్ దారి పడుతుంది. మామూలు ఇంజిన్‌లో గ్యాస్ ఎన్ని రెట్లు నొక్కుకుందో దాదాపు అన్ని రెట్లే విస్తరిస్తుంది. కాబట్టి రేషియో ఎక్కువ ఉంటే, బయటికి పోయేలోపు అదే చుక్క పెట్రోల్ నుంచి ఎక్కువ పని పిండుకోవచ్చు. అందుకే కంప్రెషన్ రేషియో పెరిగితే పవరూ మైలేజీ రెండూ పెరిగే అవకాశం ఉంటుంది. సీసీ పెంచితే పవర్ వస్తుంది కానీ పెట్రోల్ కూడా ఎక్కువ తాగుతుంది. ఇక్కడ అలా కాదు.

దీనికి ఆటో సైకిల్ అనే ఆదర్శ లెక్క ఉంది. 1876లో ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ తయారుచేసిన జర్మన్ ఇంజినీర్ నికొలాస్ ఆటో పేరు మీద వచ్చింది, మన మూడు చక్రాల ఆటోకీ దానికీ సంబంధం లేదు! ఆ లెక్క ప్రకారం రేషియో 8 అయితే సామర్థ్యం 56.5 శాతం. 10 అయితే 60.2. 12 అయితే 63. 14 అయితే 65.2. నిజమైన ఇంజిన్లలో రాపిడి, వేడి నష్టం అన్నీ పోగా వచ్చేది దీనికంటే చాలా తక్కువ. రోడ్డు మీద కార్ల ఇంజిన్లలో 40 శాతం దాటితేనే గొప్ప. టయోటా 2.5 లీటర్ డైనమిక్ ఫోర్స్ ఇంజిన్ మామూలు కారుకి 13:1 రేషియోతో 40 శాతం, హైబ్రిడ్‌కి 14:1తో 41 శాతం గరిష్ఠ సామర్థ్యం ఇస్తుందని కంపెనీ చెప్పింది.

పై అంకెల్లో ఇంకో సంగతి గమనించారా? 8 నుంచి 10కి వెళ్తే 3.7 పాయింట్లు, 10 నుంచి 12కి 2.8, 12 నుంచి 14కి 2.2. అంటే పైకి వెళ్లేకొద్దీ లాభం తగ్గుతోంది. ఫోన్‌లో 60 హెర్ట్జ్ నుంచి 90కి మారితే కళ్లకు తెలిసినంతగా 120 నుంచి 144కి మారితే తెలియదు కదా, అదే కథ.

మరి 20:1 ఎందుకు పెట్టరు?

సైకిల్ పంప్ నాలుగైదుసార్లు గట్టిగా కొట్టి కింది భాగం పట్టుకుంటే వేడిగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంజిన్‌లోనూ అంతే. ఆదర్శ లెక్క ప్రకారం, 27 డిగ్రీల గాలిని పదో వంతుకి నొక్కితే 480 డిగ్రీలకు చేరుతుంది. పెట్రోల్ ఆవిరి కలిసిన నిజ ఇంజిన్‌లో ఇంత ఉండదు కానీ వందల డిగ్రీలు మాత్రం ఖాయం. అదీ స్పార్క్ పడకముందే.

స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై చుట్టూ పాకుతుంది. అది పాకేకొద్దీ, ఇంకా మండని మూలల్లోని మిశ్రమం మరింత నొక్కుకుని మరింత వేడెక్కుతుంది. మంట తన దగ్గరికి రాకముందే ఆ మూల మిశ్రమం తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటే, దాన్నే నాకింగ్ అంటారు. స్టీల్ డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు టకటకమని చప్పుడు వస్తుంది. ఆ ఒత్తిడి అలలు లోహాన్ని సుత్తితో కొట్టినట్టు కొడతాయి. గట్టిగా, ఎక్కువసేపు జరిగితే పిస్టన్ అంచులు తినేయడం, రింగులు విరగడం, పిస్టన్‌కి చిల్లు పడటం దాకా వెళ్తుంది.

ఇది ఎప్పుడు ఎక్కువ అంటే, పెద్ద గేర్‌లో, తక్కువ వేగంలో, యాక్సిలరేటర్ ఫుల్లుగా తిప్పినప్పుడు. ఎండాకాలంలో, వెనకాల ఒకరిని ఎక్కించుకుని, శ్రీశైలం ఘాట్ లాంటి ఎక్కుడు రోడ్డు మీద గేర్ దించకుండా లాగుతుంటే నాకింగ్‌కి కావాల్సినవన్నీ సమకూర్చినట్టే. ఆ చప్పుడు వినగానే చేయాల్సిన పని ఒక్కటే, గేర్ దించండి.

గ్యాడ్జెట్ భాషలో చెప్పాలంటే కంప్రెషన్ రేషియో పెంచడం ప్రాసెసర్ క్లాక్ స్పీడ్ పెంచడం లాంటిది. అడ్డుపడేది ఇక్కడా వేడే. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తనే స్లో అయినట్టు, నాక్ సెన్సర్ ఉన్న ఇంజిన్‌లో చప్పుడు మొదలవగానే ఈసీయూ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, పవర్ మాత్రం తగ్గుతుంది. కానీ ఈ సెన్సర్ ఎక్కువగా కార్లలో ఉంటుంది. చాలా కమ్యూటర్ బైకుల్లో ఉండదు. అక్కడ మీ చెవులే సెన్సర్.

ఇప్పుడు స్పెక్ షీట్‌లోని అంకెలకు అర్థం తెలుస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత యూసీఈ 350 ఇంజిన్ రేషియో 8.5:1. తర్వాత వచ్చిన జే సిరీస్ 350లో 9.5:1. రెండూ తీరుబడిగా తిరిగే ఇంజిన్లే. యమహా ఆర్15లో 155 సీసీ ఇంజిన్‌కి 11.6:1, దానికి లిక్విడ్ కూలింగ్ ఉంది. గోడలు చల్లగా ఉంటే మూల మిశ్రమం తొందరగా అంటుకోదు, కాబట్టి రేషియో పెంచుకునే వెసులుబాటు వస్తుంది. రేడియేటర్ కేవలం షో కోసం పెట్టలేదన్నమాట.

డీజిల్ సంగతి పూర్తిగా వేరు. అందులో ముందు ఒట్టి గాలినే నొక్కుతారు, పెట్రోల్ ఇంజిన్‌లా ముందుగా ఇంధనం కలవదు. కాబట్టి ముందే అంటుకునే భయం లేదు. 15 నుంచి 20 రెట్లు నొక్కి, బాగా వేడెక్కిన ఆ గాలిలోకి డీజిల్ చిమ్మితే స్పార్క్ ప్లగ్ లేకుండానే మండుతుంది. డీజిల్ బండ్లకు మైలేజ్ ఎక్కువ రావడానికి ఒక పెద్ద కారణం ఈ రేషియోనే.

హై ఆక్టేన్ పెట్రోల్ కొట్టిస్తే పికప్ వస్తుందా?

ఆక్టేన్ నంబర్ అంటే పెట్రోల్‌లోని శక్తి కాదు. నాకింగ్‌ని తట్టుకునే ఓపిక. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని, మిగతా ఇంధనాలను వాటితో పోల్చి ఇచ్చే మార్కు అది. 91 ఉన్నా 100 ఉన్నా లీటర్‌లోని శక్తి దాదాపు ఒక్కటే.

కాబట్టి లాజిక్ ఇలా నడుస్తుంది. మీ ఇంజిన్ మామూలు పెట్రోల్‌తో నాక్ అవ్వట్లేదనుకుందాం. అప్పుడు ఎక్కువ ఓపిక ఉన్న పెట్రోల్ పోసినా ఆ ఓపికని వాడుకునే అవసరమే దానికి రాదు. 10:1 రేషియో ఉన్న కమ్యూటర్ బైక్‌లో 100 ఆక్టేన్ పోయడం, 18 వాట్ల చార్జింగ్ మాత్రమే తీసుకునే ఫోన్‌కి 120 వాట్ల చార్జర్ పెట్టడం లాంటిది. ఫోన్ తీసుకునేది 18 వాట్లే.

లీటర్‌కి 8 రూపాయలు తేడా అనుకుందాం. నెలకి 25 లీటర్లు పోయిస్తే 200 రూపాయలు, ఏడాదికి 2,400. ఆ డబ్బుతో టైమ్‌కి ఇంజిన్ ఆయిల్ మార్పించి, ఎయిర్ ఫిల్టర్ వేయిస్తే బండికి నిజంగా మేలు. ప్రీమియం పెట్రోల్‌లో ఇంజిన్‌ని శుభ్రంగా ఉంచే రసాయనాలు కలుపుతామని కంపెనీలు చెప్తాయి. అది వేరే విషయం, ఆక్టేన్‌తో ముడిపెట్టకండి.

అయితే మినహాయింపు ఉంది. మాన్యువల్‌లో 95 లేదా అంతకన్నా ఎక్కువ ఆక్టేన్ కావాలని రాసి ఉంటే కచ్చితంగా అదే పోయాలి. హై కంప్రెషన్ లేదా టర్బో ఇంజిన్, పైగా నాక్ సెన్సర్ ఉంటే, మంచి ఆక్టేన్‌తో ఈసీయూ స్పార్క్‌ని సరైన సమయానికి ఇవ్వగలదు. అక్కడ తేడా నిజంగానే వస్తుంది.

ఈ20తో మైలేజ్ ఎందుకు తగ్గుతోంది?

ఇథనాల్ ఆక్టేన్ పెట్రోల్ కంటే చాలా ఎక్కువ, సుమారు 108. అందుకే 20 శాతం కలిపిన ఈ20 పెట్రోల్ ఆక్టేన్ 95కి చేరిందని ప్రభుత్వం చెప్తోంది. నాకింగ్ పరంగా ఇది మంచి ఇంధనమే. కానీ ఇథనాల్‌లో లీటర్‌కి శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఐదో వంతు ఇథనాల్, అందులో మూడో వంతు లోటు, అంటే మొత్తం మీద 6 నుంచి 7 శాతం శక్తి తక్కువ.

ఈ లోటుని కొంత పూడ్చుకునే మార్గం కంప్రెషన్ రేషియోలోనే ఉంది. ఆక్టేన్ ఎక్కువ కాబట్టి, ఈ20 కోసమే డిజైన్ చేసే ఇంజిన్‌లో రేషియో పెంచి, స్పార్క్ టైమింగ్ ముందుకు జరిపి సామర్థ్యం రాబట్టుకోవచ్చు. నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లో కూడా ఈ తేడా కనిపిస్తుంది. ఈ10కి ట్యూన్ చేసిన పాత రకం కార్లలో 6 నుంచి 7 శాతం, టూ వీలర్లలో 3 నుంచి 4 శాతం మైలేజ్ తగ్గుతుందని, ఈ20కి తగ్గట్టు తయారుచేసిన కార్లలో అది 1 నుంచి 2 శాతమేనని అంచనా వేశారు.

సమస్య ఎక్కడంటే, కంప్రెషన్ రేషియో సాఫ్ట్‌వేర్ కాదు. ఓటీఏ అప్‌డేట్ వచ్చి మారిపోదు. అది పిస్టన్, హెడ్ లోహంలోనే ఫ్యాక్టరీలో ఫిక్స్ అయిపోయింది. ఐదేళ్ల కింద కొన్న బండి ఓనర్‌కి బంకులో ఇంధనం మారింది, ఇంజిన్ మారలేదు. ఆక్టేన్ పెరిగిన లాభాన్ని ఆ ఇంజిన్ అందుకోలేదు, శక్తి తగ్గిన నష్టాన్ని మాత్రం భరిస్తుంది. కాబట్టి మీ పాత బండి మైలేజ్ కొంచెం తగ్గిందంటే అది మీ భ్రమ కాదు. కానీ సగానికి సగం పడిపోయిందంటే అది ఈ20 ఒక్కదాని పని కాదు. టైర్ గాలి, చైన్, క్లచ్, ఫిల్టర్ కూడా చూపించుకోండి.

హెడ్ అరగదీయించడం గురించి

ఇందాకటి ఒక్క సీసీ లెక్క గుర్తుందిగా? ఆ 50 మిల్లీమీటర్ల సిలిండర్‌లో ఒక సీసీ అంటే ఎత్తులో అర మిల్లీమీటర్. అంటే హెడ్ నుంచి అర మిల్లీమీటర్ తీసేసినా, అంత మేర పల్చటి గాస్కెట్ వేసినా రేషియో 10 నుంచి 10.9కి పోతుంది. ఆదర్శ లెక్కలో లాభం ఒకటిన్నర పాయింట్ కూడా ఉండదు. కంపెనీ ఉంచిన నాకింగ్ మార్జిన్ మాత్రం కరిగిపోతుంది. స్పార్క్ టైమింగ్ మ్యాప్ పాత రేషియోకి రాసిందే ఉంటుంది. వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య దూరం కూడా తగ్గుతుంది. రేసింగ్ వాళ్లు చేస్తారు, నిజమే, కానీ వాళ్లు ఇంధనం, టైమింగ్, కూలింగ్ అన్నీ కలిపి మారుస్తారు. ఆఫీసుకి వెళ్లే బండికి ఇది దండగ.

ఏళ్ల తరబడి పిస్టన్ మీద పేరుకునే కార్బన్ కూడా ఇదే పని నెమ్మదిగా చేస్తుంది. అది ఆ రెండు టీస్పూన్ల జాగాలో కొంత ఆక్రమిస్తుంది, పైగా వేడిని పట్టి ఉంచుతుంది. పాత బండ్లలో కొత్తగా నాకింగ్ మొదలైతే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

"కంప్రెషన్ పోయింది" అంటే రేషియో పోయినట్టు కాదు

మెకానిక్ నోట ఎక్కువగా వినే మాట ఇదే. ఇక్కడ ఇద్దరి భాషా వేరు. రేషియో అనేది కొలతల లెక్క, బండి పాతబడినా అది దాదాపు అలాగే ఉంటుంది. మెకానిక్ చెప్పేది లోపల నిజంగా తయారయ్యే ఒత్తిడి గురించి. రింగులు అరిగినా, వాల్వులు సరిగా మూసుకోకపోయినా, గాస్కెట్ లీకైనా నొక్కిన గాలి తప్పించుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది. కిక్ కొడితే కాలికి బిగువు తగలకపోవడం దీని గుర్తే. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో గేజ్ పెట్టి కొలిస్తే నిమిషాల్లో తేలిపోతుంది. ఇంజిన్ విప్పాలని ఎవరైనా చెప్తే, ముందు ఆ రీడింగ్ చూపించమని అడగండి. రిపేర్ ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

రేషియో మార్చుకునే ఇంజిన్ లేదా?

ఉంది. నిస్సాన్ వాళ్ల లగ్జరీ బ్రాండ్ ఇన్ఫినిటీ 2016 పారిస్ మోటార్ షోలో వీసీ టర్బో అనే 2 లీటర్ల ఇంజిన్ చూపించింది. క్రాంక్‌కి అదనపు లింకులు జోడించి, పిస్టన్ ఎంత ఎత్తుకు వెళ్లాలో మోటార్‌తో మారుస్తారు. నెమ్మదిగా వెళ్తుంటే 14:1తో పొదుపు, టర్బో పూర్తిగా పనిచేసేటప్పుడు 8:1తో భద్రత. మాజ్డా ఇంకో దారి పట్టింది. స్కైయాక్టివ్ పెట్రోల్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పైపుల్ని పొడవుగా మలిచి, లోపల మిగిలిపోయే వేడి గ్యాస్‌ని తగ్గించి, మామూలు ఇంజిన్‌తోనే 14:1 సాధించింది. ఆశ్చర్యం ఏంటంటే వాళ్ల స్కైయాక్టివ్ డీజిల్ రేషియో కూడా 14:1నే. పెట్రోల్‌ని పైకి, డీజిల్‌ని కిందకి తెచ్చి ఒకే చోట కలిపారు.

ఈసారి బైక్ రివ్యూ చూసేటప్పుడు ఆ లైన్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. 9 నుంచి 10 మధ్య ఉంటే మామూలు పెట్రోల్‌తో హాయిగా తిరిగే బండి. 11 దాటితే లిక్విడ్ కూలింగ్ ఉందా, మాన్యువల్ ఏ ఆక్టేన్ అడుగుతోంది, ఈ20కి ట్యూన్ చేశారా అని చూడండి. ఇప్పటికే బండి ఉన్నవాళ్లు డిక్కీలోనో బీరువాలోనో పడేసిన ఓనర్ మాన్యువల్ బయటికి తీయండి. పెట్రోల్ గురించి అందులో రాసిన ఒక్క వాక్యం, బంకు దగ్గర ఎవరో ఇచ్చే సలహా కంటే మీ ఇంజిన్‌కి చాలా మేలు చేస్తుంది.